హెప్సీ కూజా

చిన్న కథే. పొయ్యి మీద కాఫీ పొంగేలోగా అయిపోతుంది. అయితే ముందు లెమ్యూల్ గ్రిడ్లీ కొట్టు సంగతి చెప్పాలి. నెబ్రాస్కా బయళ్లలో మా పల్లెకు దిక్కు అదొక్కటే. చక్కెరలో ఇసుక, మిరియాల్లో బొగ్గుపొడి, తక్కెడ మీద గ్రిడ్లీ బొటనవేలు. ఆ వేలిని మేమంతా ఏళ్ల తరబడి కొనుక్కు తిన్నాం. గుమ్మం పక్కన నిలబెట్టి అమ్మే శవపేటికలు కూడా జానెడు పొట్టి. వాటిలో పడుకున్నవాళ్లు తిరిగొచ్చి తగువాడలేదు. పాదిరిగారి భార్య టోపీ గురించి కూడా చెప్పాలిగానీ, సరే, వద్దు.

చలికాలంలో కొట్లో పీపాలోని బెల్లప్పాకం బిగుసుకుపోయి చుక్కచుక్కగా దిగుతుంది. పీపా కుళాయి కింద కూజా పెట్టి ఇంటికి పోయి, నిండాక వచ్చి తెచ్చుకోవడం మా అలవాటు. ఒకరు పెట్టిన కూజాను ఇంకొకరు జరపకూడదు.

విధవరాలు హెప్సీ అలాగే పెట్టింది. "నిండేదాకా ముట్టుకోకు, లెమ్యూల్. ఈసారైనా నిండుగా ఇవ్వు" అంది. ఇంటికి పోతూ మంచుతుఫానులో తప్పిపోయింది. శవం దొరకలేదు. గ్రిడ్లీ ఏడ్చాడు. ఆ తర్వాత పాకాన్ని తిరిగి పీపాలో పోసుకుని, కూజాను పడమటికి పోయే బండివాడికి అమ్మేశాడు.

అదే చలికాలం, ఫిబ్రవరిలో మళ్లీ తుఫాను పట్టింది. మధ్యాహ్నమే చీకటి. నేనూ, కమ్మరి ఓటిస్ కొట్లోనే చిక్కుకుపోయాం. కిరసనాయిలు, ఉప్పుచేప, తడిసిన ఉన్ని వాసన. గాలి కాస్త ఆగినప్పుడు వినిపించింది.

టప్... చాలాసేపటికి... టప్.

"కుళాయి కట్టేయలేదేమోయ్" అన్నాడు ఓటిస్.

"ఒలకబోసేంత ధర్మాత్ముడిలా కనిపిస్తున్నానా?" అన్నాడు గ్రిడ్లీ. అదీ నిజమే.

లాంతరు పట్టుకుని చూశాం. కుళాయి కింద కూజా. నీలిగీతది, చెవి విరిగినది. హెప్సీది. సగమే నిండింది.

తలుపు అవతల నుంచి గొంతు... మంచు రాలినంత మెల్లగా.

"నిండిందా, లెమ్యూల్?"

మనిషన్నవాడు "ఇంకా నిండలేదమ్మా, ఆగు" అంటాడు.

"నిం... నిండింది" అన్నాడు గ్రిడ్లీ. పాడు అలవాటు.

"అయితే తెచ్చివ్వు."

ఓటిస్ అతని చొక్కా పట్టుకున్నాడు. "వెళ్లకురా. అబద్ధమాడానని చెప్పు."

"చీకట్లో దానికేం కనిపిస్తుంది?" గుసగుసగా అన్నాడు గ్రిడ్లీ. కూజా ఎత్తుకుని తలుపు తీశాడు. తెల్లటి గాలి... అంతే. తలుపు దానంతటదే మూసుకుంది.

ఏప్రిల్లో మంచు కరిగాక ఇద్దరూ ఒకేచోట దొరికారు. కూజా హెప్సీ ఒళ్లో ఉంది, అంచుదాకా నిండి. గ్రిడ్లీని అతని కొట్లో పేటికలోనే పెట్టాం. కాళ్లు మడవాల్సి వచ్చింది. కుడిచేతికి బొటనవేలు లేదు.

కూజాను ఎవరూ వంచి చూడలేదు.