అత్తగారి ఎడమకాలి బూటు

"మా అత్తగారికి మీ బూటు నిలవడం లేదండీ," అంటూ ఆ అమ్మాయి బురద కారుతున్న బూటును తెచ్చి, అప్పుడే తుడిచిన కౌంటరు అద్దం మీద పెట్టింది.

కౌంటరు వెనక ఉన్నది టేపు. అసలు పేరు వేరే ఉంది గానీ, మెడలో కొలతల టేపు వేలాడేసుకుని తిరుగుతాడు గనక ఊరందరికీ అతను టేపే. జీన్లు, కళ్ళేలు, గుర్రాలకు కావలసిన సరంజామా అంతా అమ్మే ఆ కొట్టు అతని మేనమామది. మేనమామకు కుడిభుజం ఇతను.

బూటు గుండ్రంగా, రబ్బరు అడుగుతో, వెనక పట్టీతో ఉంది. గుర్రం గిట్టకు తొడిగేది. అది తను అమ్మిందేనని టేపుకు తెలుసు. అయినా అతని బుర్రలోకి ఎక్కింది 'అత్తగారు' అన్న మాట ఒక్కటే. అత్తగారు ఉందంటే పెళ్ళయిందన్నమాట. అమ్మాయిని చూసి అర నిమిషం కూడా కాలేదు, ఎందుకో అతనికి నీరసం వచ్చింది.

"గుర్రం మీ అత్తగారిదాండీ?"

"గుర్రమే అత్తగారు. ఏం చేసినా వంక పెడుతుందని ఆ పేరు పెట్టాను. నాకింకా పెళ్ళి కాలేదు. ఇప్పుడు బూటు సంగతి చూస్తారా?"

నీరసం ఎలా వచ్చిందో అలాగే పోయింది.

"ఎక్కడ ఊడింది?"

"వాగులో. నేను, మా నాన్న టూరిస్టులను గుర్రాల మీద కొండదారుల్లో తిప్పుతాం. నిన్న వాగు దాటుతుంటే వెనకాల ఒకాయన, అమ్మాయ్, నీ గుర్రం చెప్పు వదిలేసింది అని కేకేశాడు. మోకాలిలోతు నీళ్ళలో దిగి వెతుక్కున్నాను. మిగతావాళ్ళు గట్టు మీద నిలబడి నన్ను ఫొటోలు తీశారు."

"లాడాలు కొట్టించకపోయారా?"

"దాని గిట్టలు పెళుసు. మేకు దిగితే చాలు, పెచ్చులు ఊడిపోతాయి. లాడం మాట ఎత్తొద్దని డాక్టరుగారు చెప్పారు. ఇక బూట్లే గతి."

"పట్టీ గట్టిగా బిగించలేదేమో."

"పదేళ్ళుగా గుర్రాలతో బతుకుతున్నాను. పట్టీ బిగించడం నాకు నేర్పుతారా?"

"మా బూట్లు ఇంతవరకూ ఎవరికీ ఊడలేదండీ."

"అయితే ఇవాళ మొదలైందని రాసుకోండి."

లోపల జీనుకు నూనె రాస్తున్న మామయ్య దగ్గినట్టుగా నవ్వాడు. టేపు బూటు కడిగి, పట్టీ మార్చి ఇచ్చాడు.

ఆ గైడమ్మాయి కొట్టులో చెప్పని సంగతి ఒకటుంది. అతనికి చెప్పకపోయినా మనం చెప్పుకుందాం. వాళ్ళకున్నవి నాలుగు గుర్రాలు. వానలు తగ్గగానే కొండ మీదికి పెద్ద దారి తెరుస్తారు. ఆ లోపు అత్తగారు రాళ్ళ మీద కాలు నిలదొక్కుకోకపోతే దాన్ని ఇటుకల బట్టీ ఆయనకు ఇచ్చేస్తానని వాళ్ళ నాన్న తేల్చి చెప్పేశాడు. బట్టీలో అది బండి లాగాలి. పన్నెండేళ్ళ వయసులో ఆమె మొదట ఎక్కిన గుర్రం అది. బట్టీ మాట తలుచుకుంటేనే ఆమెకు అన్నం సహించడం లేదు.

నాలుగు రోజులకు మళ్ళీ వచ్చింది. ఈసారి కొండ ఎక్కుతుంటే ఊడిందట. టేపు బూటును అటూ ఇటూ తిప్పి చూశాడు గానీ అతనికేమీ అంతుపట్టలేదు. ఇంతలో వాన పట్టుకుంది. ఆమె కొట్టులోనే స్టూలు మీద కూర్చుని, వాన తగ్గేదాకా అత్తగారి మీద చాడీలు చెప్పింది. గొడుగు చూస్తే బెదురుతుందట, నీలం రంగు బకెట్లో పోస్తే నీళ్ళు ముట్టదట. వాన తగ్గుతుంటే టేపు ఆకాశం వైపు గుర్రుగా చూశాడు.

"ఆదివారం నేనే వచ్చి కొలుస్తాను," అన్నాడు.

"బూట్లు తెప్పించినప్పుడే కొలతలు ఫోన్లో పంపానుగా."

"ఎందుకైనా మంచిది, నేనూ ఒకసారి చూస్తాను."

ఆదివారం వాళ్ళ గుర్రపుశాలకు వెళ్ళాడు. అత్తగారు గోధుమరంగు ఆడగుర్రం. అతన్ని నఖశిఖపర్యంతం పరికించి మొహం తిప్పేసుకుంది. గైడమ్మాయి టీ తేవడానికి లోపలికి వెళ్ళింది. అతను గుర్రం ముందు క్యారెట్లు పోసి, అది తింటూ ముందుకాలు మార్చి వేసినప్పుడల్లా ఆ గిట్ట కింద కాగితం జరిపి, చుట్టూ పెన్సిలుతో గీశాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి బయటపడింది. ఎడమ గిట్ట గోరంత సన్నం. సరిగ్గా ఒక నంబరు తక్కువ.

ఆమె టీతో వచ్చింది. "కుడికాలు ఒక్కటే కొలిచి పంపానండీ. ఎడమకాలు నన్నూ నాన్ననూ తప్ప ఎవరినీ పట్టుకోనివ్వదు, మాకైనా బూటు తొడిగేంతసేపే. రెండూ ఒకటే కదా అని ఊరుకున్నాను. ఏమైనా తేలిందా?"

అసలు తప్పు ఏమిటో ఆమె నోటితోనే చెప్పింది. అవును, అక్కడే పొరపాటు జరిగింది, ఎడమకాలికి చిన్న నంబరు ఇస్తాను అనడానికి ఎంతసేపు? టేపు నోరు తెరిచాడు కూడా. ఆ క్షణంలో అతనికొక ఆలోచన వచ్చింది. సరైన బూటు రేపే ఇచ్చేస్తే ఈ అమ్మాయికి ఎల్లుండి తన కొట్టుకు రావలసిన పనేముంటుంది?

"లోపల మెత్త వేసి చూద్దామండీ," అన్నాడు.

అలా అన్నందుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఒక్క వారం, ఊడితే మళ్ళీ తొడుక్కుంటుంది, కొంపేం మునిగిపోదు అని సర్దిచెప్పుకున్నాడు. కొట్టుకు వెళ్ళి, అలవాటు ప్రకారం రెండు కొలతలూ తేదీ వేసి పుస్తకంలో రాసుకున్నాడు. ప్రేమలో పడినా పుస్తకం రాయడం మానలేదు, అదీ అతని వరస.

మెత్త తర్వాత వెడల్పు పట్టీ, పట్టీ తర్వాత రబ్బరు రింగు వచ్చాయి. ఆమె వచ్చి, "ఇవాళ రెండో మలుపు దాకా నిలిచిందండీ," అనేది. "రేపు మూడో మలుపు," అనేవాడు ఇతను. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. కానీ రానురాను ఆమె నవ్వు తగ్గింది. ఏమైందని అడిగితే ఏమీ లేదంది. అతను నమ్మేశాడు.

పదిహేనో రోజు అతను పార్సిలు వేయడానికి పోస్టాఫీసుకు వెళ్ళినప్పుడు ఆమె వచ్చింది. మామయ్య కళ్ళద్దాలు సర్దుకుని పుస్తకం తీశాడు.

"ఎడమది ఒక నంబరు తక్కువే కదమ్మా. మా వాడు రాసి పెట్టి పదిహేను రోజులైందే. ఆ బూటు అదిగో, పై అరలోనే ఉంది. ఇవ్వలేదా?"

టేపు తిరిగొచ్చేసరికి ఆమె ఆ పేజీ మీద వేలు పెట్టి నిలబడి ఉంది. అతను తేలు కుట్టిన దొంగలా గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈ తేదీ మీరు వేసిందేనా?"

"నేనేనండీ."

"మరి ఈ మెత్తలు, రింగులు?"

అతను తల దించుకున్నాడు. ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది అతనికి.

"ఎల్లుండి బట్టీ ఆయన వచ్చి దాన్ని తోలుకుపోతాడు. వానలు తగ్గేలోపు కొండ ఎక్కలేకపోతే ఇచ్చేస్తానని నాన్న చెప్పి నెలైంది."

"నాకు ఒక్క మాట చెప్పలేదే మీరు."

"చెబితే జాలిపడి చేస్తారని చెప్పలేదు. పనిని పనిలా చేస్తారనుకున్నాను." పై అరలోని బూటు వైపు చూసింది. "అది ఇప్పుడిచ్చినా నేను తొడగలేను. వదులు బూటు రాసుకుని రాసుకుని మడమ మీద తోలు లేచిపోయింది. నిన్నటి నుంచి కుంటుతోంది, అది చూసే నాన్న ఇక ఆగనన్నాడు."

ఆమె వెళ్ళిపోయింది. మామయ్య పుస్తకం మూసి, "ఎందుకురా ఇలా చేశావు?" అన్నాడు. టేపు పై అరలోని బూటు తీసి కౌంటరు మీద పెట్టాడు. అతని మొహం చూశాక మామయ్య మళ్ళీ అడగలేదు.

"వాళ్ళ నాన్నకు చెప్పు. ఆ పిల్లకు చెప్పి లాభం లేదు, గుర్రం ఆయన చేతిలో ఉంది," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే టేపు గుర్రపుశాలకు వెళ్ళాడు. పెద్దాయన ఒక గుర్రానికి బ్రష్ చేస్తున్నాడు. టేపు దారి పొడవునా మాటలు కూర్చుకున్నాడు గానీ ఆయన్ని చూడగానే అన్నీ మర్చిపోయాడు.

"మీ గుర్రంలో లోపం లేదండీ. తప్పంతా నాది. సరైన కొలత తెలిసి కూడా పదిహేను రోజులు దాచాను. దాని మడమ పుండు పడింది నా వల్లే."

పెద్దాయన బ్రష్ ఆపాడు. "ఎందుకు దాచావు?"

"సరైన బూటు ఇచ్చేస్తే మీ అమ్మాయి మళ్ళీ మా కొట్టుకు రాదని."

గోడ అవతల ఏదో బకెట్ దబ్బున కింద పడింది. పెద్దాయన అటు చూడలేదు.

"యాభై ఏళ్ళలో ఇంత తెలివితక్కువ కారణం నేను వినలేదు. అబద్ధమైనా వేరే ఏదైనా చెప్పాల్సింది."

"తట్టలేదండీ. పది రోజులు గడువివ్వండి. పుండు నేను మాన్పుతాను. మానాక మీరే కొండెక్కించి చూడండి."

"నేనొకరికి మాటిచ్చాను."

"ఆయన ఇంటికి వెళ్ళి నేను బతిమాలుకుంటాను. మాట తప్పింది మీరు కాదు, తప్పించింది నేనని చెబుతాను."

పెద్దాయన బ్రష్ పక్కన పెట్టాడు. "ఆయనతో నేను మాట్లాడతాను. నువ్వు రోజూ వచ్చి మందు రాయి. కాకపోతే ముందు అది నిన్ను ఎడమకాలు పట్టుకోనివ్వాలి."

అత్తగారు పట్టుకోనివ్వలేదు. మొదటి రోజు తోసేస్తే వెళ్ళి గడ్డిలో పడ్డాడు. రెండో రోజు చొక్కా చేతి గుడ్డ కొరికేసింది. మూడో రోజు అతను కాలు జోలికి పోకుండా దాని పక్కన పీట వేసుకుని గంటసేపు ఊరికే కూర్చున్నాడు. నాలుగో రోజు అది విసుగ్గా నిట్టూర్చి కాలు ఎత్తింది. పుండు టేపు అనుకున్నదానికంటే పెద్దది. మెల్లగా కడిగి, మందు రాశాడు.

గైడమ్మాయి అతనితో మాట్లాడేది కాదు. ఏం చెప్పాలన్నా గుర్రంతోనే చెప్పేది.

"అత్తగారూ, మందు పలచగా రాయమని చెప్పండి."

"అలాగేనని చెప్పండి అత్తగారూ," అనేవాడు అతను.

"ఎక్కువ మాట్లాడొద్దని కూడా చెప్పండి."

అత్తగారు ఇద్దరి మధ్యా చెవులు ఆడిస్తూ నిలబడేది. ఏడో రోజు గోడ మీద ఒక టీ గ్లాసు కనిపించింది. ఎవరి కోసమో అతనికి తెలియలేదు, తాగాలో వద్దో తేల్చుకోలేక అలాగే చూస్తూ ఉన్నాడు.

"అత్తగారూ, చల్లారిపోతోందని చెప్పండి," అంది ఆమె, అటు తిరిగి గడ్డి సర్దుతూ.

పది రోజులకు పుండు మాని, కొత్త తోలు వచ్చింది. పదకొండో రోజు కొండ దారి తెరిచారు. గైడమ్మాయి అత్తగారి మీద, పెద్దాయన ముందు గుర్రం మీద, మధ్యలో ఇద్దరు టూరిస్టులు. టేపు కాలినడకన వెనకాల బయల్దేరాడు. ఎవరూ రమ్మనలేదు, వద్దని కూడా అనలేదు.

వాగులో నీళ్ళు గుర్రం కడుపు దాకా వచ్చాయి. గట్టెక్కాక చూస్తే ఎడమ బూటు కాలికే ఉంది. బురద మలుపులో గిట్ట లోపలికి దిగబడి, చప్పుడు చేస్తూ బయటికొచ్చింది. బూటుతోనే వచ్చింది. తర్వాత రాళ్ళ దారి. టూరిస్టులు లోయను చూసి మైమరచిపోతున్నారు. టేపు లోయ చూడలేదు, చెట్లు చూడలేదు, చెమట కళ్ళలోకి కారుతున్నా తుడుచుకోలేదు. రెండు గంటలసేపు ఒక గుర్రం ఎడమకాలినే చూస్తూ నడిచాడు.

కొండ మీదికి చేరాక పెద్దాయన దిగి వచ్చాడు. అత్తగారి ఎడమకాలు ఎత్తి, బూటును రెండు చేతులతో పట్టుకుని గుంజాడు. కదల్లేదు. లోపల వేలు దూర్చి మడమ తడిమి చూశాడు. తర్వాత ఫోన్ తీసి, కాస్త పక్కకు వెళ్ళాడు.

"గుర్రాన్ని ఇవ్వడం లేదండీ. లేదు, ఇంకో నెలకు కూడా కాదు. అది మా ఇంట్లోనే ఉంటుంది."

గైడమ్మాయి అత్తగారి మెడ చుట్టూ చేతులు వేసి, జూలులో మొహం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. దగ్గరికి వెళ్ళే ధైర్యం లేక టేపు దూరంగా ఒక బండ మీద కూర్చున్నాడు. తను దాచిన పదిహేను రోజులు ఈ అమ్మాయికి ఎలా గడిచి ఉంటాయో అతనికి అప్పుడు పూర్తిగా అర్థమైంది.

పెద్దాయన టూరిస్టులను గుర్రాలెక్కించాడు. "మేం ముందు దిగుతాం. అత్తగారికి ఇది మొదటి రోజు, మీరిద్దరూ దాన్ని నడిపించుకుంటూ నిదానంగా రండి," అన్నాడు. కూతురి వైపు, ఆ తర్వాత టేపు వైపు చూసి, "సాయంత్రం మీ మామయ్యను ఇంటికి తీసుకురా, మాట్లాడాలి," అని గుర్రాన్ని అదిలించాడు.

గుర్రాన్ని మధ్యలో పెట్టుకుని ఇద్దరూ దిగడం మొదలుపెట్టారు. మొదటి మలుపు దగ్గర టేపు అడిగాడు.

"కోపం పోయిందాండీ?"

"పూర్తిగా పోలేదు." ఇన్నాళ్ళకు గుర్రంతో కాకుండా అతనితోనే అంది.

"చేసినదానికి క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు నాకు."

"అడగొద్దు. నాన్న ముందు నిలబడి ఆ మాట చెప్పినప్పుడు నేను గోడ పక్కనే ఉన్నాను." పగ్గం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "పుండు మానిపోయింది. రేపటి నుంచి మందు రాసే పని లేదు."

"తెలుసండీ."

"బూటు సరిపోయింది. ఇక కొలవడానికి కూడా ఏం లేదు."

"తెలుసు."

ఆమె ఆగింది. అత్తగారు కూడా ఆగింది.

"అయినా రేపు రా," అంది ఆమె.

ఇన్నాళ్ళలో ఆమె అతన్ని ఆ చనువుతో పిలవడం అదే మొదలు. టేపు తలూపాడు, ఆమె నవ్వుతూ గుర్రాన్ని ముందుకు నడిపించింది.