అడెల్‌హైడ్ గదిలో ఎవరూ లేరట

పొద్దున్నే రోస్విత అత్తగారి గది తలుపు తీసింది. మూసిపెట్టిన గాలి, పూతమందు, తడిసిన పక్కగుడ్డ, గోడమూల నల్లగా పాకిన బూజు, అన్నీ కలిసి కుళ్ళిన క్యాబేజీ కుండ మీద మూత తీసినట్టు గుప్పుమన్నాయి. "ఛీ!" అనబోయి నాలుక కరుచుకుంది. మంచం మీద అడెల్‌హైడ్ మేలుకునే ఉంది మరి.

"చేతులు ఇలా గడ్డకట్టాయేంటత్తమ్మా?"

"అలవాటైపోయిందిలే పిల్లా. చలి కూడా చుట్టంలాంటిదే, తిడితే పోదు."

గదిని వేడిచేసే రేడియేటర్ మీద చెయ్యి వేసి చూసింది రోస్విత. చచ్చిన చేపలా చల్లగా ఉంది.

ఆ ఊళ్ళో ఆడవాళ్ళు ఎంత మంచు పడనీ, లేవగానే కిటికీలు బార్లా తెరిచి, ఈకల బొంతలు కిటికీ గట్టు మీద వేసి, రాత్రి గాలిని బయటికి తోలితేగానీ కాఫీ ముట్టరు. రోస్విత కూడా అంతే, ఈ చలికాలం దాకా. ఇప్పుడు తెరవకూడదని మొగుడు హార్ట్‌విగ్ హుకుం. ఎదురింటి ఇర్మ్‌గార్డ్ ఊరుకుంటుందా? "ఏమ్మోయ్, మీ ఇంట్లో గాలి కూడా దాచుకుంటున్నారా?" అని రొట్టెల కొట్లో అందరి ముందూ అడిగేసింది.

ఆ హుకుం వెనక పెద్ద కథే ఉంది. హార్ట్‌విగ్ ఉద్యోగమంతా పెద్ద పెద్ద ఆఫీసు భవనాల వేడి చూసుకోవడమే. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఆ భవనాల ఏర్పాటే ఇంటికి తెచ్చిపెట్టాడు. గదిగదికీ పైన మూలలో చిన్న కన్నులాంటి సెన్సార్. ఏ గదికి ఎంత వేడి కావాలో యంత్రమే తేల్చి నేలమాళిగలో బాయిలర్‌కి చెబుతుంది. రేడియేటర్లకి తిప్పుకునే పిడులు కూడా పీకి పారేశాడు మహానుభావుడు. కిటికీ తెరిస్తే యంత్రం లెక్క తప్పుతుందట.

రోస్విత వంటింట్లోకి వెళ్ళేసరికి అతను రొట్టెకి వెన్న రాస్తూ ట్యాబ్‌లో గీతలు చూసుకుంటున్నాడు.

"నిన్న స్నానాల గదిలో బోలెడు ఆవిరి. చాలాసేపే ఉన్నావే!" అన్నాడు తలెత్తకుండా.

బట్టలు విప్పుకున్న చోటికి కూడా లెక్క! "సిగ్గులేదూ? పెళ్ళాం ఎంతసేపు ఒళ్ళు రుద్దుకుందో అది కూడా చూసుకుంటావా? ఇది ఇల్లా, బల్లులు పెంచే గాజుపెట్టా?"

"అమ్మ గది మళ్ళీ చల్లబడింది. కిటికీ తెరిచావు కదూ?"

"తెరవలేదని ఎన్నిసార్లు చెప్పను?"

"తెరవకపోతే ఎందుకు చల్లబడుతుంది? యంత్రం అబద్ధమాడదు."

"అంటే నేనాడతాను. ముప్పై ఏళ్ళు కాపురం చేసింది నాతోనా, ఆ బాయిలర్‌తోనా?"

హార్ట్‌విగ్ వెన్న కత్తి కింద పెట్టాడు. "చూడు, గొడవెందుకు? అమ్మకి ఇక్కడ కుదరట్లేదు. ఆ వాసన... నాకు అన్నం సయించట్లేదు. వృద్ధాశ్రమం వాళ్ళతో మాట్లాడాను. ఇవాళ సాయంత్రం వచ్చి తీసుకెళ్తారు."

రోస్విత అతణ్ణి తేరిపార చూసింది. మీసానికి వెన్న అంటుకుని ఉంది. జీవితంలో మొదటిసారి ఆ మొహం చూస్తే రోత పుట్టింది.

"వాసన నీకా? ఎత్తి పోసేది నేనూ, ముక్కు మూసుకునేది నువ్వూనా? రా! వచ్చి నీ యంత్రం ఏమంటోందో మీ అమ్మ ముందే చదువు!"

ట్యాబ్ లాక్కుని, ఇంటి బొమ్మలో అత్తగారి గది మీద వేలు పెట్టింది. బూడిదరంగు గళ్ళో రెండే మాటలు.

"ఖాళీ గది," చదివింది రోస్విత. "ఖాళీ అంటే ఏంటి హార్ట్‌విగ్?"

"లోపల... ఎవరూ లేరని. కదలిక కనబడకపోతే వేడి తగ్గిస్తుంది, దండగ కాకుండా."

"మరి మీ అమ్మేమైంది?"

కుర్చీ పడిపోయినా చూసుకోకుండా అతను తల్లి గదికి పరుగెత్తాడు. అతను గదిలో అడుగు పెట్టగానే రోస్విత చేతిలోని ట్యాబ్‌లో ఆ గడి పసుపు రంగుకి మారింది. కింద బాయిలర్ గుర్రుమని అంటుకుంది.

ఆకురాలు కాలం దాకా అడెల్‌హైడ్ గదిలో ఆ మూలకీ ఈ మూలకీ తిరుగుతూనే ఉండేది. ఆ తర్వాత మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. మనిషి మంచం పట్టిన సంగతి యంత్రానికి చెప్పాలన్న ఊహే హార్ట్‌విగ్‌కి రాలేదు.

"అమ్మా, కాస్త కూడా కదలవా నువ్వు?" అన్నాడు.

ముసలామె బిత్తరపోయింది. "నువ్వేగా నాయనా చెప్పింది? కదలకమ్మా, విరిగినచోట అతుక్కోదు అన్నావు. కదల్లేదురా. దుప్పటి జారిపోయినా లాక్కోలేదు. అతుక్కుంటే ఇక్కడే ఉండనిస్తావని."

హార్ట్‌విగ్ మంచం పక్కన కూలబడి, ఆ తడిసిన పక్కగుడ్డలోనే మొహం పెట్టి ఏడ్చాడు. అరవై దాటిన మగవాడు వెక్కివెక్కి ఏడుస్తుంటే తల్లి అతని బట్టతల నిమిరింది. వేళ్ళు బిగుసుకుపోయి సరిగ్గా నిమరలేకపోయింది కూడా.

రోస్వితకి జాలి వెంటనే రాలేదు. లోపలి రోత అంత త్వరగా పోయేది కాదు. వెళ్ళి కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచింది. మంచుగాలి రివ్వున లోపలికొచ్చింది. హార్ట్‌విగ్ లేచి, తన కోటు విప్పి తల్లికి మెడదాకా కప్పాడు. తర్వాత స్టూలెక్కి మూలనున్న ఆ కన్నుని గోడసున్నంతో సహా ఊడబెరికాడు.

నడవలోకొచ్చి ఆశ్రమానికి ఫోన్ కలిపాడు. "నేను... మా అమ్మ విషయం..." అంటూనే మళ్ళీ ఏడుపందుకున్నాడు.

రోస్విత ఒక్క క్షణం చూసి, అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది. రెండో చేత్తో భుజం మీది వంటగుడ్డ అందుకుని అతని మొహం మీద పడేసింది, తుడుచుకోమని.

"ఆవిడ రావట్లేదండీ. లేదు, ఇంకో రోజు కూడా వద్దు."

కారణం అడిగారు కాబోలు అటునుంచి.

"కారణమేముందండీ, మా ఇంటి మనిషి," అంది రోస్విత.