సగం వాడిన మందు

"ఛాతీ నిండా కఫంతో మా అమ్మ అల్లాడుతుంటే, ఒట్టి చేతులూపుకుంటూ వస్తావా!"

భర్త దెబ్బకు చెంప పగిలింది. ఆమె వెళ్ళి వంటగట్టుకు కొట్టుకుంది. పెదవి చిట్లి నెత్తురు నోట్లోకి దిగింది...

"డాక్టరుగారు అత్తయ్య వీపూ రొమ్మూ అంతా గొట్టం పెట్టి విన్నారండీ! ఊపిరితిత్తులు బాగున్నాయట, యాంటీబయాటిక్ అక్కర్లేదట. ఆయాసం వస్తే మాత్రం వెంటనే తీసుకురమ్మన్నారు..."

"ఆయన చెప్పాడు, నువ్వు తలూపావు! ఇద్దరూ కలిసి ముసల్దాన్ని సాగనంపండి!"

షెడ్డులో లారీల బోల్టులు విప్పే ఆ చేతులు తిన్నగా వెళ్ళి డాక్టరు కాలరు పట్టుకున్నాయి! ఆమె వెనకాలే పరుగెత్తి భర్త మోచేతికి వేలాడింది. పోయినసారి అతను తన దగ్గుకు యాంటీబయాటిక్ కావాలని బల్ల గుద్దితే, గొడవెందుకని డాక్టరు రాసిచ్చేశాడు. ఈసారి చొక్కా చిరిగింది, కళ్ళజోడు పగిలింది... అయినా రాయలేదు!

అతను ఇంటికొచ్చి బీరువా తలుపు లాగాడు. దగ్గు తగ్గగానే మానేసి, పనికొస్తాయని దాచుకున్న తన క్యాప్సూళ్ళు తీశాడు.

"వద్దండీ! అత్తయ్యకు ఆ మందు పడదు! ఆవిడ చీటీమీద ఎర్రసిరాతో రాసుంది, మీ కాళ్ళు పట్టుకుంటాను..."

పట్టుకున్న కాలితోనే డొక్కలో తన్నాడు. తల్లి దవడలు నొక్కి రెండు క్యాప్సూళ్ళు మింగించాడు.

పావుగంట కాలేదు... అత్తగారి ముఖం ఉబ్బిపోయింది, పెదవులు నల్లబడ్డాయి, గొంతులో ఈల! అతను కొయ్యబారిపోయాడు. ఆమే డొక్క పట్టుకుని, చెప్పుల్లేకుండా వీధులన్నీ పరుగెత్తింది. చిరిగిన చొక్కాతోనే డాక్టరు వచ్చి తొడకు సూది పొడిచాడు.

మర్నాడు ఆస్పత్రిలో అత్తగారి మంచం పక్కన డాక్టరు తలొంచుకున్నాడు. "తప్పు నాది కూడానమ్మా. మీవాడు అరిచినప్పుడల్లా రాసిచ్చి నేనే అలవాటు చేశాను."

"అమ్మా... కాసిని నీళ్ళు తాగు," కొడుకు గ్లాసు అందించాడు.

అత్తగారు మొహం తిప్పుకుంది. "నీ చేత్తో ఇంకేదీ నా గొంతు దిగదురా! దీన్ని నువ్వు తన్నినన్నాళ్ళూ గోడవైపు తిరిగి పడుకున్నాను. నా పాపం నాకు తగిలింది... ఇల్లు నా పేరున ఉంది. గుడ్డలు తీసుకుని నీ షెడ్డుకు పో!"

"ఎన్నాళ్ళమ్మా?"

"నన్నడుగుతావేం? దాన్నడుగు!"

అతను భార్యవైపు చూశాడు. పదేళ్ళ కాపురంలో మొదటిసారి అతని కళ్ళలో భయం... ఆమె అతని చేతిలోంచి గ్లాసు తీసుకుని, అత్తగారి తల పైకెత్తి, గుక్కగుక్కగా నీళ్ళు పట్టింది. అతను గుమ్మం దాటి వెళ్ళిపోతున్నా తల తిప్పి చూడలేదు!