ఎనిమిది రోజుల ఛార్జింగ్

జనగామలో రైల్వే గేటు అవతల, విత్తనాల డిపో పైఅంతస్తులో దేశ రహస్యాలు దాచే ఆఫీసు ఒకటి ఉందంటే, కింద మక్క విత్తనాల కోసం లైన్లో నిలబడ్డ రైతులెవరూ నమ్మరు. నమ్మకపోవడమే ఆ ఆఫీసుకు రక్షణ. మంగళవారం ఉదయం పదింటికి ఏజెంట్ దానియేలు ఆ లైను పక్కనుంచే మెట్లెక్కాడు. పైన చీఫ్ వీరేందర్ టేబుల్ మీద రెండు స్మార్ట్‌వాచీలు పెట్టుకుని కూర్చున్నాడు.

"టార్గెట్ ఎర్రవాగు పంప్‌హౌస్" అన్నాడు చీఫ్, కుర్చీ కూడా చూపించకుండా. "మహదేవపూర్ అవతల, గోదావరి ఒడ్డున. వచ్చే వారం గురువారం పగలు పన్నెండింటికి ట్రయల్ రన్. మోటార్లు స్టార్ట్ చేసే బటన్ నొక్కగానే పేలేలా లోపల ఒక పెట్టె పెట్టబోతున్నారు. ఆ టైముకు ఎనభై మంది ఉంటారు లోపల."

"ఎవరి పని?"

"పొరుగు దేశపు ముఠా. మన ఫైల్లో వాళ్ల కోడ్ నేమ్ కొంగలు. నీళ్లున్న చోటే వాలతారు."

"ట్రయల్ రన్ ఆపేస్తే సరిపోదా?"

"ఆపితే మనకు తెలిసిపోయిందని వాళ్లకు తెలుస్తుంది. పెట్టె ఇంకో చోటికి పోతుంది. ఆ చోటు మనకు తెలియదు." చీఫ్ ఒక వాచీ ముందుకు తోశాడు. "ఇది నీకు. గుండె దడ, నిద్ర, అడుగులు, ఆక్సిజన్ అన్నీ చెప్తుంది. సైడ్ బటన్ రెండుసార్లు నొక్కితే, వాచీ ఆన్‌లో ఉన్నంతసేపూ మనిషి ఉన్న చోటు ఇక్కడ స్క్రీన్ మీద చుక్కగా వెలుగుతుంది. రెండోది లోపలి మనిషికి. గేటు దగ్గర పనివాళ్ల ఫోన్లు గుంజుకుంటారు గానీ వాచీలను ఎవరూ పట్టించుకోరు."

"బ్యాటరీ?"

"వారం."

"నిజంగా?"

"వారమని డబ్బా మీద ఉంది. నిజంగా అయితే ముప్పై ఆరు గంటలు. మిషన్ అయ్యాక ఫీడ్‌బ్యాక్ ఫారం నింపాలి, మర్చిపోకు. ఢిల్లీ వాళ్లు ప్రాణం తీస్తున్నారు."

దానియేలు తండ్రి శామ్యూల్ డోర్నకల్‌లో గ్యాంగ్‌మన్‌గా చేశాడు. కీ ఇచ్చే గడియారం ఒక్కదానితో ముప్పై ఏళ్లు పట్టాల మీద బతికాడు, దాని మీద ఫారం నింపమని ఏ అధికారీ ఆయన్ని అడగలేదు. ఆ మాట చీఫ్‌కు చెప్పి లాభం లేదు. దానియేలు రెండు వాచీలూ జేబులో వేసుకున్నాడు.

లోపలి మనిషి పేరు భిక్షపతి. నలభై ఏడేళ్లు. పంప్‌హౌస్‌లో కాంట్రాక్టు హెల్పరు. మోటార్ల ప్యానెల్‌కు కరెంటు అందించే బ్యాటరీలను తుడిచి, వాటిలో డిస్టిల్డ్ వాటర్ పోసి, మూతలు బిగించడం అతని పని. పంప్‌హౌస్‌లో పనివాళ్లు ఎనిమిది రోజులు అక్కడే రేకుల షెడ్డులో ఉండి డ్యూటీ చేస్తారు, తర్వాత నాలుగు రోజులు ఇంటికి. బుధవారం సాయంత్రం డ్యూటీకి పోయే దారిలో ఉన్న అతన్ని దానియేలు భూపాలపల్లి బస్టాండు ఎదుట హోటల్లో కూర్చోబెట్టి, చెప్పాల్సినంత చెప్పాడు.

భిక్షపతి చాయ్ పక్కకు జరిపాడు. "నాకెందుకు సారు గిసొంటి పని. ఈ డ్యూటీ కోసం ఆరేండ్లు కాంట్రాక్టరు సుట్టు తిరిగిన. ఇది పోతే ఈఎస్ఐ కార్డు పోతది. మా ఇంటామె సత్తమ్మ గుండె గోలీలు ఆ కార్డు మీదనే వస్తున్నయి."

"డ్యూటీ పోదు. నేను జిమ్మేదారి."

"మాటేనా?"

"మాటే, అన్నా."

భిక్షపతి వాచీని తిప్పి తిప్పి చూశాడు. "దీనికి ఛార్జింగ్ ఎన్నొద్దులు ఆగుతది?"

"ఒకటిన్నర దినం. రోజు పెట్టుకోవాలె."

"షెడ్డుల ఇరవై మందికి ఒక్కటే ప్లగ్గు సారు. గీ అయస్కాంతం వైరు పెడితే ఏందిది ఏందిదని అందరు అడుగుతరు."

దానియేలు చాయ్ డబ్బులు టేబుల్ మీద పెట్టాడు. "ఎట్లనో చూస్కో" అన్నాడు. కింది మనిషికి ఏదైనా అప్పగించేటప్పుడు ఈ దేశంలో పై మనిషి చెప్పే మాట అదే కదా.

ఆ సాయంత్రం ఆరింటికి భిక్షపతి చుక్క స్క్రీన్ మీద నుంచి మాయమైంది. మర్నాడు రాలేదు. మూడో రోజూ రాలేదు. ఐదో రోజు చీఫ్ ఫైలు మూసేశాడు. "పోయాడన్నా అనుకో, అమ్ముడుపోయాడన్నా అనుకో. నీ ఇష్టం." దానియేలుకు రెండూ ఇష్టం లేదు. ఆ రాత్రుల్లో తన నిద్ర స్కోరు నూటికి ముప్పై ఒకటని అతని వాచీ ప్రతి ఉదయం తప్పకుండా చెప్పింది. నిద్రపోలేదన్న సంగతి ముందు నిద్రపోనివాడికి తెలియదా?

తర్వాతి బుధవారం, ట్రయల్ రన్‌కు ఒక్క రోజు ముందు, దానియేలు మిర్చి వ్యాపారి వేషంలో మహబూబాబాద్ స్టేషన్లో దిగాడు. భుజాన తువ్వాల, చేతిలో శాంపిల్ సంచి. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద నల్ల పట్టుచీర, నల్ల కళ్లద్దాలతో నిలబడ్డ ఆడమనిషి వాచీ చూసుకుంటూ అడిగింది.

"డోర్నకల్ ప్యాసింజరు వెళ్లిపోయిందా?"

"లేదు. ఇంజను నీళ్లు తాగుతోంది."

కోడ్ సరిపోయింది. ఆమె వనజ. పైకి ఉచిత హెల్త్ క్యాంపుల డాక్టర్. లోపల కొంగల ముఠా మనిషి. ఇంకా లోపల, రెండేళ్లుగా ఆ ముఠా కబుర్లను జనగామకు చేరవేస్తున్న మనిషి. ఎన్ని పొరలు ఒలిచినా ఇంకో పొర ఉంటుందని దానియేలుకు అప్పుడే తట్టాల్సింది. కానీ ఆమె నవ్వింది.

"పెట్టె పంప్‌హౌస్‌కు పోవట్లేదు" అంది వనజ. "ప్లాన్ మారింది. రేపు పన్నెండింటికి ఇక్కడి పార్సిల్ ఆఫీసుకే వస్తుంది. తెచ్చేవాళ్ల ఫోటోలు పంపిస్తాను, చెయ్యి ఇటివ్వండి."

తన తెల్ల వాచీని అతని వాచీకి ఆనించింది. రెండూ ఒకసారి వణికాయి.

"ఎంతసేపు ఆగుతుంది మీ బ్యాటరీ?"

"వాచీదా, మనిషిదా?"

"రెండూ" అంది వనజ, కళ్లద్దాలు సర్దుకుని వెళ్లిపోతూ.

చీఫ్ టీమ్ మొత్తాన్ని పార్సిల్ ఆఫీసు చుట్టూ మోహరించాడు. దానియేలు మాత్రం గురువారం పొద్దున్నే జీపు తీసుకుని భూపాలపల్లి బయల్దేరాడు. మిషన్ కోసం కాదు. బతికున్నాడో లేడో, భిక్షపతిని ఒకసారి కళ్లారా చూడాలనిపించింది. మాట ఇచ్చినవాడికి ఆ మాత్రం బాధ్యత ఉంటుంది కదా.

బయల్దేరినప్పుడు వాచీ ఛార్జింగ్ నూరు. నర్సంపేటలో డెబ్బై ఒకటి. ములుగులో ముప్పై ఎనిమిది. భూపాలపల్లి బస్టాండు చేరేసరికి తొమ్మిది. మణికట్టు కాలుతోంది. నిన్నటిదాకా సాయంత్రానికి కూడా అరవైకి దిగని వాచీ ఇది. పని చేయనిదే ఏదీ అలసిపోదు. ఇది ఎవరి కోసం ఇంత పని చేస్తోంది? దానియేలు జీపు ఆపాడు. నిన్న ఫోటోలు వచ్చాయి నిజమే, వాటితోపాటు ఇంకేదో కూడా వచ్చింది. అతను ఎక్కడున్నాడో క్షణక్షణం కొంగలకు చెబుతోంది. వనజ రెండు వైపులా ఆడుతోంది. పార్సిల్ ఆఫీసు కథ ఉత్తది.

హనుమకొండ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. దానియేలు ఎక్కి, వాచీని వెనక సీటు కింద టేపుతో అంటించి దిగేశాడు. చీఫ్‌కు ఫోన్ చేశాడు.

"వనజ డబుల్. నా వాచీ హనుమకొండ పోతోంది. టీమ్‌ను ఆ బస్సు వెనక పెట్టండి. దిగేవాళ్లను వదిలెయ్యండి, మధ్యలో ఎక్కేవాళ్లను పట్టండి."

"మరి పెట్టె?"

"పంప్‌హౌస్‌లోనే ఉంది."

"ఆరంతస్తుల లోతు అది. ఎక్కడని వెతుకుతావు?"

"తెలియదు సార్."

పదకొండున్నరకు దానియేలు సేఫ్టీ ఆఫీసర్ జాకెట్టు తొడుక్కుని, దొంగ ఐడీ కార్డు చూపించి పంప్‌హౌస్ గేటు దాటాడు. పదకొండూ నలభై ఎనిమిదికి ఫోన్ మోగింది. చీఫ్ గొంతు వింతగా ఉంది.

"నీ మనిషి చుక్క వెలిగింది. మూడో బేస్‌మెంట్, బ్యాటరీ రూము. కానీ పోకు."

"ఎందుకు?"

"ఛార్జింగ్ తొంభై ఎనిమిది చూపిస్తోంది. ఎనిమిది రోజుల తర్వాత తొంభై ఎనిమిది. ముప్పై ఆరు గంటల వాచీ అది. ఎవడో కూర్చుని తీరిగ్గా ఛార్జింగ్ పెట్టాడు. ఇది ట్రాప్."

లెక్క తిరుగులేనిది. దానియేలు ఆ లెక్కను పక్కన పెట్టి మెట్లు దిగాడు. లిఫ్టును అతిథుల కోసం ఆపి ఉంచారు.

బ్యాటరీ రూములో భిక్షపతి ఒక్కడే ఉన్నాడు. చేతిలో డిస్టిల్డ్ వాటర్ క్యాను. ఒక నల్లపెట్టెను ఆనుకుని, కదలకుండా నిలబడి ఉన్నాడు.

"గీ పెట్టె మనది కాదు సారు" అన్నాడు, పలకరింపు కూడా లేకుండా. "మనయి ఇరవై నాలుగు. రోజు నీళ్లు పోస్త, నాకు ఎర్కే. ఇయ్యాల ఇరవై ఐదున్నయి. దీనికి నీళ్లు పోసే మూతనే లేదు. పొద్దుగాల సర్వీసోళ్లమని ఇద్దరొచ్చి పోయిండ్రు. ఇంజనీరు సారుకు చెప్పిన, నీ పని నువ్వు చూస్కో అన్నడు. అప్పుడు గీ వాచి చాలు జేసి, పక్క బటన్ రెండుసార్లు నొక్కిన. లేవనీకే రెండు నిమిషాలు పట్టింది దీనికి."

దానియేలు మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. పెట్టె వెనక నుంచి సన్నటి వైరు ఒకటి గోడలోంచి స్టార్టింగ్ ప్యానెల్‌కు పోతోంది. అద్దం అవతల ప్యానెల్ గది. అతిథులు, పూలబొకేలు, కెమెరాలు. ఇంజనీరు వేలు ఆకుపచ్చ బటన్ మీద ఉంది. మైకులో ఎవరో పది నుంచి వెనక్కి లెక్కపెడుతున్నారు. గది తలుపు బిగించి ఉంది. దానియేలు అద్దం మీద బాదాడు. లోపల చప్పట్లు.

ఐదు. నాలుగు.

"అన్నా, కరెంటు ఎట్ల ఆపాలె?"

భిక్షపతి గోడవైపు చూశాడు. అక్కడ గాజు పలక వెనక ఎర్ర బటన్ ఉంది. దాని మీద రాసి ఉంది: అనుమతి లేనివారు తాకరాదు. ఆరేళ్లు తిరిగి సంపాదించిన డ్యూటీలో అతను రోజూ తుడిచిన బటన్, ఎన్నడూ నొక్కనిది. ఒక్కసారి దానియేలు ముఖంలోకి చూశాడు.

రెండు.

నీళ్ల క్యానుతో గాజు పగలగొట్టి బటన్ గుద్దాడు. పంప్‌హౌస్ మొత్తం చీకటైంది. మైకు పట్టుకున్నవాడి 'ఒకటి' నోట్లోనే ఆగిపోయింది. పెట్టె పేలలేదు.

ఆ సమయానికి పరకాల దగ్గర బస్సెక్కిన వనజ, వెనక సీటు కింద చెయ్యి పెట్టి వాచీని చూసి నవ్వుకుందట. పర్సులో సైలెన్సర్ పిస్టల్ ఉంది గానీ చిల్లర లేదు. కండక్టర్‌తో గొడవ తేలేలోపే టీమ్ వచ్చి చుట్టుముట్టింది.

శనివారం పంప్‌హౌస్ ఆఫీసులో విచారణ జరిగింది. పేపర్లలో అప్పటికే "సాంకేతిక కారణాల వల్ల ట్రయల్ రన్ వాయిదా" అని వచ్చింది. నల్లపెట్టెను గురువారం రాత్రే చీఫ్ టీమ్ గుట్టుగా ఎత్తుకుపోయింది. బాంబు లేదు, ముఠా లేదు, ఆపరేషన్ లేదు. ఉన్నది భిక్షపతి ఒక్కడే. అతని మీద రెండు అభియోగాలు. ఎలక్ట్రానిక్ వస్తువును లోపలికి తేవడం, అనుమతి లేకుండా ఎమర్జెన్సీ బటన్ నొక్కి అతిథుల ముందు సంస్థ పరువు తీయడం. దానియేలు సేఫ్టీ ఆఫీసర్ హోదాలోనే చివరి కుర్చీలో కూర్చున్నాడు. పొద్దున్న చీఫ్ ఫోన్‌లో చెప్పింది ఒక్కటే: "నోరు విప్పకు. కొంగలు ఇంకా నలుగురు బయట ఉన్నారు. మనం లేం."

"వాచి ఎవరిచ్చిండ్రు?" అడిగాడు కాంట్రాక్టరు.

భిక్షపతి చివరి కుర్చీవైపు చూశాడు. ఒక్క క్షణమే. "కొనుక్కున్న" అన్నాడు.

"బటన్ ఎందుకు నొక్కినవు?"

"పెట్టె ఒకటి ఎక్కువున్నది సారు."

"ఏ పెట్టె? లెక్కపెట్టుకో పో, ఇరవై నాలుగే ఉన్నయి."

దానియేలు మణికట్టు మీద కొత్త వాచీ వణికింది. చాలాసేపటి నుంచి కూర్చునే ఉన్నారు, లేచి నిలబడండి అని తెరమీద వచ్చింది. దానియేలు చొక్కా చెయ్యి కిందికి లాగి దాన్ని కప్పేశాడు. గుండె దడ నూట పద్దెనిమిదని కూడా అది చూపించే ఉంటుంది. అయినా అతను లేవలేదు. భిక్షపతిని డ్యూటీ నుంచి తీసేస్తున్నట్టు కాంట్రాక్టరు కాగితం మీద సంతకం చేశాడు. ఈఎస్ఐ కార్డు అక్కడే పెట్టి పొమ్మన్నాడు.

గేటు బయట భిక్షపతి బట్టల సంచితో బస్సు కోసం నిలబడ్డాడు. దానియేలు దగ్గరికి వెళ్లాడు.

"అన్నా, సత్తమ్మ గోలీల సంగతి నేను చూస్త."

"వద్దు సారు."

"చుక్క ఎందుకు పోయింది? వారం దినాలు పరేషాన్ అయిన."

భిక్షపతి జేబులోంచి పాలిథిన్ కవర్ తీశాడు. అందులో మడతపెట్టిన చేతిరుమాలు, రుమాలులో వాచీ. "బంద్ జేసి పెట్టిన. ఊకె చాలు ఉంటే ఛార్జింగ్ అయిపోతది గద. అక్కెరకొచ్చినప్పుడే తియ్యాలె అనుకున్న. పొలం కాడ ఫోను గూడ గట్లనే పెడుత." వాచీని దానియేలు అరచేతిలో పెట్టాడు. "చూస్కోండ్రి, ఇంకా తొంభై ఆరున్నది. మీ వాచి ఎనిమిది దినాలు ఆగింది సారు. బటన్ నొక్కినంక మీ మాట రెండు దినాలు గూడ ఆగలే."

బస్సు వచ్చింది. అతను ఎక్కాడు, వెనక్కి చూడలేదు.

సోమవారం జనగామ ఆఫీసులో దానియేలు ఫీడ్‌బ్యాక్ ఫారం ముందు కూర్చున్నాడు. బ్యాటరీ ఎంతకాలం వచ్చింది అన్న గడిలో ఎనిమిది రోజులు అని రాశాడు. ఢిల్లీ వాళ్లు సంతోషిస్తారు. నిత్యజీవితంలో ఉపయోగం అన్న గడి దగ్గర చాలాసేపు ఆగాడు. కింద విత్తనాల లైను పొడుగ్గా ఉంది, చీఫ్ రెండుసార్లు తొంగిచూసి పోయాడు. చివరికి రాశాడు: టైము చూపిస్తుంది.