ముప్పై డిగ్రీలు వాలిన సీలు

చీఫ్ రెండు ముక్కల్లో తేల్చేశాడు.

"విదేశీ ముఠా కోడ్‌ని మీ అక్క ఎలా విప్పిందో పదకొండింటికి స్టేజీ మీద చెబుతుంది. ఆమెని కాల్చేయడానికి ముఠా మనిషి దొంగ పాస్‌తో వస్తున్నట్టు కబురు. గేటు దగ్గరే పట్టుకో."

"ఎవరు సార్?"

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను?"

ఇదీ మన డిపార్ట్‌మెంట్ బ్రీఫింగ్! ఏజెంట్ డేగకి ఒళ్ళు మండింది.

పదిన్నరకల్లా గార్డు వేషంలో సభ జరిగే హాలు గేటు దగ్గర నిలబడ్డాడు. చెవిలో ఇయర్‌పీస్, గుండీలో కెమెరా. పక్కనే ఆకుపచ్చ పట్టుచీర, నల్లకళ్ళద్దాలతో 'నెమలి'. ముఠాలో ఉంటూనే మనకి పనిచేసే డబుల్ ఏజెంట్. కబురు మోసుకొచ్చింది ఆవిడే.

స్కానర్ ప్రతి పాస్‌కీ పచ్చదీపం వెలిగించింది. అరవై మంది వెళ్ళారు, ఒక్కరూ దొరకలేదు. ఛీ, దిక్కుమాలిన మెషీన్! పదీ నలభైకి డేగ పక్కకెళ్ళి, డ్రాయింగ్ సెక్షన్‌లో ఉన్న అక్క మొగుడికి కాల్ చేశాడు.

"బావా, పాస్ మీద సీలు గీసింది మీరేగా! దొంగదైతే ఎలా తెలుస్తుంది?"

"ఆ సీలు ఊసెత్తకు! నిన్నంతా నా ప్రాణం తోడేసింది. ఆహ్వానపత్రం మీద పొట్టిగా ఉంటుంది, పాస్ మీద పొడుగు కావాలి. ముప్పై డిగ్రీలు వాలిన నలుచదరపు బొమ్మ. కంప్యూటర్‌లో అలాగే అంచు పట్టుకుని లాగితే మూలలు సాగి, తొక్కిన అట్టపెట్టెలా తయారైంది. ఆరుసార్లు! మీ అక్క నవ్వింది కూడా."

"మరి ఎలా కుదిరింది?"

"ముందు నిటారుగా తిప్పాలి. అప్పుడు పొడుగు పెంచాలి. మళ్ళీ ముప్పై డిగ్రీలు వాల్చాలి. ఇంత చిన్న ముక్క తెలియక రోజంతా బూడిదలో పోసిన పన్నీరు!"

డేగ గేటు వైపు చూశాడు.

"దొంగ సీలు గీసినవాడు కూడా ఆహ్వానపత్రం చూసే గీసుంటాడు కదా బావా?"

"ఆఁ... వాడూ వాలిన బొమ్మనే పట్టుకుని లాగుంటాడు! మూలలు చూడు, మూలలు!"

టేబుల్ మీద విజిటింగ్ కార్డొకటి దొరికింది. సరిగ్గా తొంభై డిగ్రీలుండే దాని మూలని ఒక్కో పాస్ మీది సీలు మూలకి ఆనించి చూడటం మొదలెట్టాడు. అన్నీ సరిపోతున్నాయి. లైను పెరిగింది. "ఇదేం చాదస్తమయ్యా?" అని ఒక పెద్దమనిషి కసిరాడు. డేగ పళ్ళు నూరుకున్నాడు.

పదీ యాభైతొమ్మిది. లోపల మైకులో అక్క గొంతు: "అందరికీ నమస్కారం."

నెమలి కదిలింది. "చీఫ్ నన్ను లోపల ఉండమన్నారు." పాస్ చూపించింది. పచ్చదీపం.

డేగ కార్డు ఆనించాడు. మూల దగ్గర గోరంత సందు! ఓరి దేవుడా, అందరి కళ్ళూ అతిథుల మీదికి తిప్పి తన దారి చూసుకుందన్నమాట!

నెమలి చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి దూరింది. డేగ ఆమె మణికట్టు ఒడిసిపట్టి పైకి తిప్పాడు. ఆమె చేతిలోని లిప్‌స్టిక్ తుపాకీ పేలింది. సీలింగ్ నుంచి సున్నం రాలింది. లోపల అక్క ఒక్కక్షణం ఆగి, మళ్ళీ మాట్లాడటం మొదలెట్టింది. డేగకి కళ్ళు చెమర్చాయి.

సాయంత్రం చీఫ్ బావకి ఫోన్ చేశాడు. "నీకు మెడల్ ఇప్పిస్తానయ్యా!"

"ఇవ్వండి సార్, కాదనను," అన్నాడు బావ. "దాని డిజైన్ మాత్రం నాకు అంటగట్టకండి."