నవత రాసిందే

పొద్దున ఎనిమిదింటికే వికాస్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు గదిలో కంప్యూటర్ ఎదుట కూర్చున్నాడు. హైవే మీద లారీల చప్పుడు వినబడకుండా కిటికీలు మూశాడు. తొమ్మిదింటికి హైదరాబాద్ కంపెనీ వాళ్లు వీడియోలో మాట్లాడతారు. నచ్చితే పెద్ద ఉద్యోగమే. దేవమ్మ వంటింట్లోంచి కొడుకును మురిపెంగా చూసుకుంది.

వాళ్లకు నచ్చింది వికాస్ పంపిన ఒక ఫ్రేమ్‌వర్క్. జావాస్క్రిప్ట్‌తో వెబ్‌సైట్లు కట్టేవాళ్లకు పునాదిలా పనికొచ్చే కొత్త ప్రయోగం. అదేమిటో కోడలు నవత ఒకసారి విడమరిచి చెప్పింది.

"చానా సైట్లు ఉప్పు, పప్పు పంపి నువ్వే వండుకో అంటయి అత్తమ్మా. చిన్న ఫోన్లు వండలేక ఆగిపోతయి. నాది అక్కడ సర్వర్ కాడ్నే వండి పంపుతది. ఫోన్ చూపిస్తె చాలు."

దేవమ్మకు అర్థమైంది. రెండేళ్లుగా మధ్యాహ్నాలు కోడలు రాస్తుంటే, ఆమె పక్కనే కూర్చుని చిక్కుళ్ల ఈనెలు తీసేది.

అయినా నిన్న సాయంత్రం కొడుకు, "నవత లాప్‌టాప్ బీరువాల పెట్టి తాళమెయ్యమ్మా. అండ్లకెల్లి మీటింగ్ నడిమిట్ల వచ్చి మాట్లాడితే నా పని ఖరాబైతది" అంటే, ఎందుకని అడగకుండానే తాళం వేసింది.

ఇల్లంతా వెతికిన నవత వంటింటి గుమ్మంలో నిలబడింది.

"నా లాప్‌టాప్ ఏది అత్తమ్మా?"

"ఇయ్యాల జర ఊకోరాదు. ఆని మీటింగ్ అయినంక ఇస్త."

నవత ముందు గదిలోకి నడిచింది. "వాళ్లకు ఎవరు చేసిన్రని చెప్పినవ్?"

"నేనే అని." వికాస్ తల తిప్పలేదు.

"అండ్ల నువ్వు ఒక్క లైన్ రాసినవా?"

"నోర్మూయ్. నాలుగేండ్ల సంది ఎవరి తిండి తింటున్నవ్? పిల్ల లేదు, జెల్ల లేదు. పొద్దుపోక రాసుకున్నదానికి పేరు గావాల్నట."

నవత అత్త వైపు చూసింది. ఒక్క మాట అంటుందేమోనని ఆగింది.

"మొగోని పేరుంటే నీకు తరుగుతదా?" అంది దేవమ్మ. "పో, పొయ్యి ముట్టియ్."

మీటింగ్ మొదలయ్యాక దేవమ్మ తలుపు చాటున నిలబడింది. తెరమీద ఒకావిడ ఫ్రేమ్‌వర్క్ వేగాన్ని మెచ్చుకుంది.

"కానీ వికాస్ గారూ, ఇద్దరు ఒకేసారి సైటు తెరిస్తే ఒకరి పేరు ఇంకొకరి పేజీలో వచ్చింది. ఎందుకలా?"

వికాస్ తెరమీది కోడ్‌ను పైకీ కిందికీ జరిపాడు. ఆవిడ మళ్లీ అడిగింది.

"ఆ భాగం మా ఆవిడ టైప్ చేసిందండి. చూసుకోకుండా ఏదో కెలికింది. తప్పంతా తనదే" అన్నాడు. నవ్వాడు కూడా.

మంచిదంతా తన పేరున వేసుకున్నవాడు, చెడు బయటపడగానే పెళ్లాం పేరు తలుచుకున్నాడు. దేవమ్మ లోపలికి వెళ్లి, బీరువా తెరిచి, లాప్‌టాప్ తెచ్చి కోడలి చేతుల్లో పెట్టింది.

"పో బిడ్డా."

నవత వెళ్లి భర్త వెనక నిలబడింది. "నా పేరు నవత. ఆ తప్పు నాదే మేడం. అందరి వివరాలూ సర్వర్‌లో ఒకేచోట ఉంచాను. ఎవరివి వాళ్లకు విడిగా ఉంచాల్సింది. సాయంత్రానికి సరిచేస్తాను." కెమెరా ముందుకు ఇంకాస్త జరిగింది. "మిగతాది కూడా నాదే. ఏది కావాలన్నా అడగండి."

అరగంట అడిగారు. వికాస్ ఎప్పుడో కుర్చీ వదిలేశాడు. చివరికి, "మీతో విడిగా మాట్లాడతాం నవత గారూ" అని, అతని పేరెత్తకుండానే ముగించారు.

"తాళం తీసినవా?" వికాస్ తల్లి మీదికి వచ్చాడు. "కన్నకొడుకు ఇజ్జత్ దీసినవ్. ఇంక నన్ను కొడుకా అని పిలవకు." బండి తీసుకుని వెళ్లిపోయాడు.

దేవమ్మ మెల్లగా కోడలి గదికి వచ్చింది. "తప్పయింది బిడ్డా. సదువు రానిదాన్ని. ఆడు చెప్పిందే నిజమనుకున్న."

నవత తెర మీది నుంచి చూపు తిప్పలేదు. "మీకు తెల్సు అత్తమ్మా. ఈ ఇంట్ల మీ ఒక్కరికే తెల్సు. రెండేండ్లు నా పక్కన్నే కూసున్నరు."

దేవమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది. నవత ఓదార్చలేదు. టైపు చేస్తూనే అంది:

"ఇది సరిచేసేదాక నన్ను ఎవ్వరూ పిలవొద్దు. ఆయనొచ్చినా సరే."

"పిలవనియ్య" అంది దేవమ్మ. కళ్లు తుడుచుకుని బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, గడప ముందు కూర్చుంది.