దిగని భుజం

అయినా భుజం మనిషి మాట వింటుందా?

పొద్దున స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో తనే చెప్పాడు. "షోల్డర్ అంటే భుజం ఒక్కటే కాదు. బరువైనా, నిందైనా మీద వేసుకోవడాన్ని షోల్డర్ చెయ్యడం అంటారు. మనం నెత్తికెత్తుకుంటాం, వాళ్ళు భుజానికెత్తుకుంటారు, అంతే తేడా."

అంత తెలిసిన మాస్టారు ఇప్పుడు టైలర్ షాపు అద్దం ముందు తన ఎడమ భుజాన్నే దించుకోలేకపోతున్నాడు. కొలతలు తీసే అమ్మాయి టేపు తగలగానే అది దానంతటదే లేస్తుంది. ఇంటికెళ్ళాక దిగుతుంది. చొక్కా అక్కడ బుడగలా ఉబ్బుతుంది. మళ్ళీ రావాలి. రావడం బాగానే ఉంటుంది. ఆ సంగతి తనకు తానే ఇంకా ఒప్పుకోలేదు.

"వదులుగా నిలబడండి మాస్టారూ. కొలుస్తున్నా, ఉరి తియ్యట్లేదు."

"నిలబడ్డాగా!"

"ఇదా? కొక్కేనికి తగిలించినట్టున్నారు."

కౌంటర్ దగ్గర్నుంచి షాపు యజమానురాలు, ఆ అమ్మాయి మేనత్త, విసుక్కుంది. "ఒక్క భుజం కుదర్చడానికి ఎన్నిసార్లు కుట్లు విప్పుతావే? కత్తెర అక్కడ పెట్టు. రేపట్నుంచి గుండీలు కుట్టుకో."

ఆమె కత్తెర బల్ల మీద పెట్టింది. అద్దంలో ఆ ముఖం చూడలేకపోయాడు.

"తప్పు ఆవిడది కాదండీ. నా భుజానిది. కొలిచేటప్పుడు లేస్తుంది."

"ఎవరు కొలిచినా లేస్తుందా?"

అత్త టేపు లాక్కుని తనే కొలిచింది. భుజం బుద్ధిమంతుడిలా ఉంది. కొలత మారింది.

అత్త అతన్ని చూసింది, మేనకోడల్ని చూసింది. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే ఒకడు భుజాలు తడుముకున్నాడట. నీది అడక్కుండానే లేస్తోందే నాయనా!" కత్తెర తీసి ఆమె చేతిలో పెట్టింది. "కటింగ్ నువ్వే చెయ్యవే. నేను దారం తెచ్చుకుంటా." లోపలికెళ్ళింది.

"ఎందుకు లేస్తుందో అడగరా?" అన్నాడు.

"రెండోసారే తెలిసింది."

"మరి చెప్పలేదే?"

"చెప్తే చొక్కా కుదిరిపోతుంది. కుదిరితే మీరు రారు." టేపు మళ్ళీ అతని వీపు మీద పరిచింది. వేళ్ళు భుజం చివర ఆగాయి. "కుదిరినా వస్తారా?"

ఇన్నాళ్ళూ పట్టి ఉంచిన ఊపిరి వదిలాడు. భుజం దించాడు.